రైడ్ అదే, పేరు ఎందుకు మారుతుంది?

మన వీడియోలు చూసే ఒకాయన ఒక ప్రశ్న పంపారు. "విదేశాల్లో పెద్ద పెద్ద థీమ్ పార్కులు బాగా నడుస్తున్న రైడ్‌ని మూసేస్తాయి. అవే పట్టాలు, అవే బండ్లు ఉంచి, వేరే సినిమా బొమ్మలు పెట్టి మళ్ళీ తెరుస్తాయి. అదీ ఎక్కువగా తమ సొంత సినిమాల బొమ్మలే. ఎందుకు?" అని. చూడ్డానికి ఇది ఇంజినీరింగ్ ప్రశ్నలా ఉంది కానీ కాదండి. ఆ పేరు ఎవరిది అన్నదే అసలు సంగతి.

మా మేడ్చల్, శామీర్‌పేట వైపు చెప్పుకోదగ్గ థీమ్ పార్కు లేదు. పిల్లలు గొడవ చేస్తే శామీర్‌పేటలో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడమే. పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే రామోజీ ఫిల్మ్ సిటీ, ఇంకా ముందుకు పోతే రావిర్యాలలో వండర్‌లా. మా రోడ్ల మీద ఉన్నవి రిసార్టులు, ఫంక్షన్ హాళ్ళు. వాటి లాన్లలో గాలి నింపే జంపింగ్ బొమ్మలు, చుట్టూ తిరిగే చిన్న రైలు, జాతర్లు వస్తే జెయింట్ వీల్. వాటి మీద ఎవరుంటారు? మిక్కీ మౌస్, స్పైడర్‌మాన్, డోరేమాన్, మన ఛోటా భీమ్. అనుమతి తీసుకుని వేశారా అంటే, ఆ ప్రశ్న కూడా ఎవరూ అడగరు. దీని సంగతి తర్వాత చెప్తాను.

ముందు అమెరికాలో ఒక్క రైడ్ కథ వినండి. ఒహాయోలో మేసన్ అనే ఊళ్ళో కింగ్స్ ఐలాండ్ అని పార్కు ఉంది. 1992లో ఆ పార్కుని పారామౌంట్ సినిమా కంపెనీ కొన్నది. మరుసటి ఏడాదే అక్కడ ఒక రోలర్ కోస్టర్ తెరిచారు. బండ్లు పట్టాల కింద వేలాడుతూ పోతాయి. దానికి పెట్టిన పేరు టాప్ గన్. ఆ సినిమా పారామౌంట్‌దే కదా. సినిమా సొంతం, పార్కు సొంతం, ఇంకేం కావాలి? 2006లో ఆ పార్కుల్ని సీడర్ ఫెయిర్ అనే కంపెనీకి అమ్మేశారు. ఇనుము వెళ్ళింది, నేల వెళ్ళింది, సినిమా పేర్లు మాత్రం పారామౌంట్ దగ్గరే ఉండిపోయాయి. 2008 సీజన్‌కి టాప్ గన్ కాస్తా ఫ్లైట్ డెక్ అయింది. అదే పార్కులో ఇటాలియన్ జాబ్ సినిమా పేరున్న ఇంకో కోస్టర్ బ్యాక్‌లాట్ స్టంట్ కోస్టర్ అయింది. ఎక్కేవాడికి కడుపులో తిప్పడం మాత్రం ఏమీ తగ్గలేదు!

ఈ కథలో నాకు నచ్చింది ఆ తర్వాతి మలుపు. 2014లో ఆ ఫ్లైట్ డెక్‌కి మళ్ళీ పేరు మార్చి ది బ్యాట్ అన్నారు. ఇదేమీ సినిమా పేరు కాదు. అదే పార్కులో 1981లో ది బ్యాట్ అనే కోస్టర్ ఉండేది. ఇలా వేలాడే కోస్టర్లలో మొదటితరంది. మాటిమాటికీ ఆగిపోయేది, కొన్నేళ్ళకే తీసేశారు. కానీ జనం మర్చిపోలేదు. ఆ జ్ఞాపకం పార్కు సొంత ఆస్తి. దానికి ఎవరికీ కిరాయి కట్టక్కర్లేదు.

కిరాయి అన్నాను కాబట్టి మనకు తెలిసిన లెక్కలో చెప్తాను. రోడ్డు మీద మడిగె కిరాయికి తీసుకున్నారనుకోండి. మీరు లక్షలు పోసి అద్దాలు, లైట్లు పెట్టించి, నాలుగేళ్ళు కష్టపడి గిరాకీ తెచ్చుకుంటారు. అగ్రిమెంట్ అయిపోగానే ఓనర్ కిరాయి పెంచుతాడు, లేదా ఖాళీ చెయ్యమంటాడు. అద్దెకు తెచ్చుకున్న సినిమా పేరూ అంతే. ముందు ఫీజు, తర్వాత అమ్మిన టీ షర్టు మీద, బొమ్మ మీద వాటా. ఏ రంగు వెయ్యాలన్నా వాళ్ళని అడగాలి. సొంత పేరైతే ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. పైగా రైడ్ సినిమాని గుర్తు చేస్తుంది, సినిమా బొమ్మని అమ్ముతుంది, బొమ్మ పట్టుకున్న పిల్లాడు మళ్ళీ పార్కుకి పోదామంటాడు. ఒకరకంగా జనం టికెట్ కొనుక్కుని మరీ ఎక్కే ప్రకటన అది.

మరి కొత్తది కట్టకుండా పాతదాన్నే ఎందుకు మార్చడం? పునాది, పట్టాలు, నీళ్ళ పంపులు, షెడ్డు అన్నీ ఉన్నాయి. లోపల బొమ్మలు, పాటలు, లైట్లు, తెరలు మారిస్తే "కొత్త రైడ్" అని బోర్డు పెట్టుకోవచ్చు.

డిస్నీ కాలిఫోర్నియా పార్కులో ఒక్కసారిగా కిందికి జారే లిఫ్టు రైడ్ ఉండేది, టవర్ ఆఫ్ టెర్రర్. దాని కథ ట్వైలైట్ జోన్ అనే టీవీ సీరియల్‌ది, ఆ హక్కులు సీబీఎస్‌వి. 2017లో దాన్ని గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీగా మార్చారు. గార్డియన్స్ మార్వెల్ వాళ్ళు, మార్వెల్ డిస్నీది. కానీ ఫ్లోరిడాలో టవర్ ఆఫ్ టెర్రర్ ఇప్పటికీ ట్వైలైట్ జోన్ పేరుతోనే నడుస్తోంది. అంటే అద్దె పేరు కనబడగానే పీకెయ్యరు. అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. 1994లోనే మార్వెల్ యూనివర్సల్ పార్కులతో ఒప్పందం చేసుకుంది. 2009లో డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ని కొనేసినా ఆ కాగితం చెల్లుతూనే ఉంది. అందుకే ఓర్లాండోలో హల్క్ కోస్టర్ ఎక్కాలంటే డిస్నీకి కాదు, పక్కనున్న యూనివర్సల్‌కి వెళ్ళాలి. పోటీదారుడి వాకిట్లో తన బొమ్మ!

అలాగని సొంత పేరైనా అన్నిసార్లూ నిలబడదు. స్ప్లాష్ మౌంటెన్ అనే నీళ్ళ రైడ్ డిస్నీ సొంత సినిమా మీదే కట్టారు. 1946 నాటి సాంగ్ ఆఫ్ ది సౌత్. బానిసత్వం తర్వాతి కాలంలోని నల్లవాళ్ళ బతుకుని చూపించిన తీరుకి విమర్శలు రావడంతో, ఆ సినిమాని అమెరికాలో వీడియోగా కూడా అమ్మలేకపోయారు. సినిమా బయటికి రాదు, బొమ్మలు మాత్రం పార్కులో పాడుతుంటాయి. చివరికి 2024లో అదే కాలవలో టియానా పేరుతో కొత్త రైడ్ తెరిచారు. ఇది మార్చాల్సిందే అని నా అభిప్రాయం. కానీ ఎప్‌కాట్‌లో నార్వే కథ చెప్పే పడవ రైడ్‌ని తీసేసి 2016లో ఫ్రోజెన్ పెట్టారు చూడండి, అది నాకు నచ్చలేదు. ఒక దేశం గురించి చెప్పే చోట ఒక సినిమా గురించి చెప్పడం మొదలైంది.

వెనక్కి నడిచిన కథ కూడా ఒకటుంది. పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ 1967లో రైడ్‌గానే పుట్టింది, 2003లో సినిమా అయింది, 2006లో జాక్ స్పారో వచ్చి ఆ రైడ్‌లో కూర్చున్నాడు. కొనకుండానే పేరు పుట్టించుకున్నారు.

మన దగ్గర? రామోజీ ఫిల్మ్ సిటీలో బాహుబలి సెట్టు చూడ్డానికి జనం వెళ్తారు. సినిమా తీసింది ఆర్కా మీడియా. అంటే నేల ఒకరిది, కథ ఇంకొకరిది. వండర్‌లా వాళ్ళది ఇంకో దారి. 2000లో కొచ్చిలో మొదలైనప్పుడు ఆ పార్కు పేరు వీగాలాండ్. వీ-గార్డ్ స్టెబిలైజర్ల కంపెనీ పేరులోంచి వచ్చింది. తర్వాత ఆ పేరు వదిలేసి వండర్‌లా అన్నారు. మంచి పని చేశారు, స్టెబిలైజర్ గుర్తొస్తే పిల్లాడికి ఏం సరదా?

ఇక మా జాతర బండ్ల సంగతి. మేడ్చల్‌లో జంపింగ్ బొమ్మలు, చిన్న రైలు నడిపే ఒకతనికి ఈ కథలన్నీ చెప్పాను. కాపీరైట్ చట్టం 1957 నాటిది, తెలిసి వేరేవాళ్ళ బొమ్మ వాడుకుని వ్యాపారం చేస్తే 3 ఏళ్ళ వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా పడొచ్చు అని కూడా చెప్పాను. ఛోటా భీమ్‌ని పుట్టించిన గ్రీన్ గోల్డ్ మన హైదరాబాద్ కంపెనీయే, వెళ్ళి అడగొచ్చు అన్నాను. అతను తేలిగ్గా అన్నాడు: "అన్నా, పిల్లలు స్పైడర్‌మాన్‌ను చూసే ఎక్కుతరు. ఉత్త రైలు పెడితే ఎవరెక్కుతరు? రోజుకు వచ్చేదే గంత, దాంట్ల ఫీజు ఏడికెళ్ళి కట్టాలె?" అందులో నిజముంది. ఫీజు కట్టే స్తోమతు లేదు, సొంత పేరు పుట్టించే ఓపిక లేదు. ఆ స్పైడర్‌మాన్ పక్క బండి మీదా ఉన్నాడు, ఎదుటి బండి మీదా ఉన్నాడు. అంటే పిల్లాడు ఇతని రైలే ఎక్కడానికి కారణం ఏమీ లేదు. శామీర్‌పేటలో జింకల పార్కు ఉంది కదా, రైలు ముందు జింక తల పెట్టించి ఒక పేరు పెట్టు అన్నాను. నవ్వాడు. పెయింటర్‌కి స్పైడర్‌మాన్ అయితే చూడకుండా వేసేంత అలవాటట, జింకకి ఎక్కువ అడుగుతాడట.

మీ ఊరి జాతరలో సొంత పేరున్న రైడ్ ఏదైనా ఉంటే కింద రాయండి. ఉంటానండి.