పేరు పక్కన రెండక్షరాలు



ఈ మధ్య మన సంఘ కుటుంబాల్లో ఒక పెళ్లి సంబంధం రెండక్షరాల దగ్గర ఆగిపోయింది. అమ్మాయి అమెరికాలో డాక్టరు. "ఎం.డి. కాదంట, డి.ఓ. అంట. నిజం డాక్టరేనా పాస్టరుగారూ?" అని పెద్దలు అడిగారు. వెంటనే జవాబు చెప్పలేకపోయాం. మన దగ్గర డి.ఓ. అంటే కంటి డాక్టరు డిప్లొమాయే కదా గుర్తొచ్చేది!

అమెరికాలో ఎం.డి. అంటే మన ఎం.బి.బి.ఎస్. లాంటి మొదటి వైద్య పట్టా. డి.ఓ., అంటే ఆస్టియోపతిక్ వైద్య పట్టా కూడా అంతే. డిగ్రీ తర్వాత నాలుగేళ్ల చదువు, ఆపైన రెసిడెన్సీ. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. ఎముకలను, కండరాలను చేతులతో సరిచేసే విద్య అదనంగా నేర్చుకుంటారు.

దీన్ని మొదలుపెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ ఒక మెథడిస్టు బోధకుని కొడుకు. 1864లో మెనింజైటిస్‌తో ముగ్గురు పిల్లలను పోగొట్టుకున్నాడు. ఆ రోజుల మందుల మీద ఆయనకు నమ్మకం పోయింది. 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టి, మొదటి తరగతిలోనే స్త్రీలను చేర్చుకున్నాడు. అయితే మందులను తోసిపుచ్చడంలో ఆయన పొరబడ్డాడనే మేము అనుకుంటున్నాం. తర్వాత ఆ కాలేజీలే మందుల శాస్త్రాన్ని పాఠాల్లో చేర్చుకున్నాయి. సమాన హక్కు అడగడానికి బలం అక్కడి నుంచే వచ్చింది.

అయినా చట్టం వెంటనే కదలలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు డాక్టర్లు కావాల్సి వచ్చినా, సైన్యం వీళ్లను వైద్యాధికారులుగా తీసుకోలేదు. ఆ తలుపు 1966లో గానీ తెరుచుకోలేదు.

కాలిఫోర్నియా సంగతి ఇంకా విచిత్రం. 1962లో అక్కడ సుమారు రెండు వేలమంది డి.ఓ.లు 65 డాలర్లు కట్టి ఎం.డి.లయ్యారు. మళ్లీ నాలుగేళ్లు చదివింది లేదు. నిన్నటి చేతులే, నిన్నటి రోగులే. చదువులో నిజంగా లోటుంటే 65 డాలర్లతో ఎలా తీరింది? అదే ఏడు ఓటింగు పెట్టి, కొత్త డి.ఓ.లకు లైసెన్సు ఇవ్వకుండా ఆపేశారు. 1974లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తలుపు మళ్లీ తెరిపించింది. అంతకు ఏడాది ముందే, 1973లో, మిసిసిపీ కూడా ఒప్పుకోవడంతో మిగతా రాష్ట్రాలన్నీ దారికొచ్చాయి. 2020 నాటికి రెసిడెన్సీల గుర్తింపు కూడా ఇద్దరికీ ఒకే పద్ధతి కిందికి వచ్చింది.

యాకోబు పత్రిక రెండో అధ్యాయం మనం సంఘంలో కూర్చునే చోటు గురించే చదువుతాం. లైసెన్సు ఇచ్చే బల్ల దగ్గర కూడా చదవాలి.

ఒక జాగ్రత్త. అమెరికా బయట ఆస్టియోపతి చదివినవాళ్లందరూ ఇలాంటి డాక్టర్లు కారు. బ్రిటన్‌లో అది వేరే వృత్తి, వేరే చట్టం. కాబట్టి పేరు ఒకటే కదా అని సమానం అనకూడదు. ఏం చదివారు, ఏ పరీక్ష రాశారు, ఎవరు లైసెన్సు ఇచ్చారు అని అడగాలి. మీ పిల్లలు ఆ చదువుకు వెళ్లి, తర్వాత ఇక్కడ ప్రాక్టీసు చేయాలనుకుంటే, చేరకముందే నేషనల్ మెడికల్ కమిషన్‌కు రాసి తెలుసుకోండి.

ఆ అమ్మాయి విషయానికొస్తే, వచ్చే ఆదివారం ఆ పెద్దలతో మళ్లీ కూర్చుంటున్నాం.