మోట బొక్కెన కింద చీటీ
(వాడ యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజుల కత్తులకు దుమ్ము దులపడానికి పోతున్నారా అని మమ్మల్ని ఎగతాళి చేసినోళ్ళు ఇక్కడే ఉన్నారు. నిజమే, దుమ్మే దులిపాం. రెండేళ్ళుగా ఆదివారం ఆదివారం పట్నంలోని చరిత్ర సంఘం మ్యూజియంకు పోయి అల్మారాలు తుడిచాం, చెదలు చూశాం, రిజిస్టర్లు రాశాం. జీతం లేదు. టీ ఇస్తారు. మొదట్లో ఏ గ్లాసులో ఇస్తారోనని కూడా చూశాం.

అక్కడ ఒక మూలన మోట బొక్కెన ఉంది. కింద చీటీ: 'తోలు సంచి, వ్యవసాయ పనిముట్టు.' ఇచ్చిన భూస్వామి పేరు పెద్దక్షరాల్లో ఉంది. చేసినోళ్ళ మాటే లేదు. మాదిగవాడ తాతనొకాయన్ని వెంటబెట్టుకు పోయాం. ఆయన కుట్టు తడిమి చూసి 'దీన్ని సంచి అన్నదెవడ్రా' అన్నాడు. పచ్చి తోలు సున్నంలో నానేసి వెంట్రుక తియ్యాలి. తంగేడు చెక్కతో ఊనాలి. ఆరెతో పొడిచి బిగించి కుట్టాలి. కుట్టు వదులైతే ఎద్దులు లాగిన నీళ్ళు మళ్ళీ బావిలోకే. కరెంటు మోటార్లు రాకముందు చాలా ఊళ్ళలో బావి కింద పంట ఈ తోలు మీదే నిలబడింది. ఇదంతా ఆయన చెప్పాడు, మేం రాసుకున్నాం.

రిజిస్టర్లో 'చేసినవారు' అని ఒక గడి పెట్టమన్నాం. సంఘం పెద్దలకు గుచ్చుకుంది. 'మ్యూజియంలో కులమెందుకు?' అన్నారు. పక్క గదిలో కత్తి కింద రాజు వంశం మూడు తరాలు రాసుంది కదయ్యా, అదేమిటి మరి? అని అడిగాం. జవాబు రాలేదు. ఆరు నెలలు నానబెట్టి చీటీ మార్చారు: 'మోట బొక్కెన. మాదిగల తోలు పని.' అంతే. తాత పేరు ఇంకా ఎక్కలేదు, అడుగుతూనే ఉన్నాం.

పేరు చిన్న సంగతి అనుకోకండి. 1917లో బెజవాడ సభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించినప్పుడు మనోళ్ళు 'పంచమ' అన్న పేరు తోసేసి ఆది ఆంధ్రులమన్నారు. ఆ కాలపు కాగితాలు ఎన్ని ఇళ్ళలో చెదలకు పోయాయో! అంతెందుకు, 1985 కారంచేడు, 1991 చుండూరు నాటి కరపత్రాలు మీ ట్రంకు పెట్టెల్లో లేవూ? పొయ్యిలో పెట్టకండి. ఇచ్చెయ్యమనం, మీకు ఇష్టమైతే నకలు తీసుకుని తిరిగిస్తాం.

ఇక గోడకు వేలాడే డప్పు సంగతి. చీటీ మీద 'వాద్యం' అని ఉంది. సెగ చూపక మూగబోయింది. వచ్చే ఆదివారం తొమ్మిదింటికి బస్టాండు దగ్గరుంటాం. డప్పు గురించి చెప్పగల పెద్దలుంటే తోడు తీసుకురండి. బస్సు చార్జీ మేం పెట్టుకుంటాం.