పతకం అంచుమీది పేరు

నేను పుట్టిన సంవత్సరం 1980. ఆ జనవరిలో ప్రపంచమంతటా వెండిధర మండిపోయింది; అమెరికా బజారులో ఔన్సు ఇంచుమించు 50 డాలర్ల దాకా ఎగబాకింది. కొత్తపేట తాలూకాలోని మా ఇంట మాత్రం బారసాలనాటికి పిల్లవాడి నడుముకు వెండి మొలతాడు ఉండితీరాలి. కొనబోతే ధర అందదు. అప్పుడు మా మామ్మ భోషాణం అడుగునుండి ఒక రేకుపెట్టె తీసింది. అందులో ఆమె మామగారు, అనగా నాకు ముత్తాతగారు, మొదటి ప్రపంచయుద్ధంనుండి తెచ్చుకొన్న పతకాలు రెండు ఉన్నవి. మూడవది ఒక కంచు నక్షత్రం ఉండేదట; పిల్లల ఆటల్లో అది ఏనాడో పోయింది.

కంసాలి రెండింటినీ గీటురాయిమీద గీసి చూశాడు. రాజుగారి తల ఉన్నది మేలైన వెండి, రెండున్నర తులాల పైమాట. రెక్కల దేవత ఉన్నది కంచు. "ఇది పనికిరాదండి అమ్మగారూ, కరిగిస్తే బొగ్గుల ఖర్చు కూడా రాదండి" అని దానిని తిరిగి ఇచ్చివేశాడు. వెండిది మొలతాడుగా మారి నా నడుముకు చేరింది. మామ్మ ఈ కథ చెప్పేటప్పుడు ఆమె గొంతులో విచారం ఉండేది కాదు. తాతగారి వెండి మునిమనుమడికి దక్కిందన్న తృప్తే ఉండేది. ఆమెను నేను తప్పుపట్టను. అదే సంవత్సరం ఇంగ్లండులో కూడా అదే రకం వెండి పతకాలు లెక్కకు మిక్కిలిగా మూసల్లో కరిగిపోయినవి. ఆ యుద్ధానికి అందరికీ ఇచ్చిన పతకాలలో వెండిది అదొక్కటే. అరవైలక్షలకు పైగా పోతపోసి పంచిన వస్తువు కనుక, ఒకటి పోతే ఏమి అనిపించడం సహజమే.

కాని ఆ అరవైలక్షలలో ఏ రెండూ ఒకటి కావు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మిగిలిన కంచు పతకాన్ని ఒకనాడు భూతద్దం కింద పెట్టి అంచు తిప్పుతూ చూశాను. బొమ్మ ఉన్న ముఖంమీద కాదు, అక్షరాలు ఉన్న వీపుమీదా కాదు, రూపాయి అంచుకు గాడులు ఉండేచోట, సన్నని అక్షరాలు గుద్ది ఉన్నవి: ఒక నంబరు, హోదా, మా ముత్తాతగారి పేరు, చివర 61వ పయనీర్లు. పేరు సగం వికృతంగా ఉన్నది. ఏ గుమాస్తా చెవికి ఎలా వినబడిందో అలా రాసుకొన్నాడు. అయినా అది ఆయనే.

61వ పయనీర్లు మద్రాసు సైన్యానికి చెందిన దళం. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాతీరాన టాంగా రేవువద్ద దిగి దెబ్బతిన్న సేనలో ఆ దళం ఉన్నది. 1916 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికానుండి జనరల్ స్మట్స్ వచ్చి ఆ రంగానికి సేనాధిపత్యం స్వీకరించాడు. అప్పటినుండి మనవారూ దక్షిణాఫ్రికా సైనికులూ ఒకే అడవిలో ఒకే మలేరియా జ్వరంతో మూలిగారు. ఆ దళం ఆచూకీ వెదుకుతూ వెదుకుతూ నేను దక్షిణాఫ్రికా సైనికుల పతకాలను వేలం వేసే సంస్థల పట్టికలలో పడ్డాను. అది వేరే లోకం.

మన కోనసీమవారికి వేలంపాట కొత్త కాదు. రేవుపాట, చెరువుపాట, దేవస్థానం కొబ్బరికాయల పాట మనం ఎరిగినవే. ఒకటోసారి, రెండోసారి అని కేకవేసి, మూడోసారికి ఖాయం చేస్తారు. పతకాల పాట కూడా స్వరూపంలో అంతే. లండనులో స్పింక్, నూనన్స్ అనే సంస్థలు, కేప్‌టౌనులో సిటీ కాయిన్స్ అనే సంస్థ వీటికి పేరుపొందినవి. భేదమల్లా పట్టికలో ఉన్నది. మన పాటలో కాయ ఎంత అని చూస్తారు. అక్కడ కాయ ఎవరిది అని చూస్తారు. ఒక్కొక్క పతకం కింద దాని యజమాని జీవితచరిత్ర పేరా నిడివిన అచ్చువేస్తారు: ఎక్కడ పుట్టాడు, ఏ పటాలంలో చేరాడు, ఏ తేదీన గాయపడ్డాడు, ఎక్కడ పాతిపెట్టారు. ఆ పేరాకు ఆధారం అంచుమీది పేరు. ఆ పేరును ప్రిటోరియాలోని రక్షణశాఖ పత్రాలతోనో లండను జాబితాలతోనో సరిచూస్తారు.

దక్షిణాఫ్రికా పతకాలకు సేకర్తలలో ప్రత్యేకమైన గిరాకీ ఉండడానికి కారణం కూడా ఈ పేరే. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిషు ప్రభుత్వం తన సైనికులకు ఇచ్చిన నక్షత్రాలూ పతకాలూ పేరు లేకుండానే పంచింది. ఏ టామ్‌ది ఏదో ఇక చెప్పలేము. దక్షిణాఫ్రికా, భారత, ఆస్ట్రేలియా ప్రభుత్వాలు మాత్రం ప్రతిదానిమీదా పేరు వేయించినవి. దక్షిణాఫ్రికావారి నంబరుకు ముందున్న ఆంగ్లాక్షరాన్నిబట్టి ఆ మనిషి ఏ వర్ణంవారి దళంలో ఉండినాడో కూడా తెలిసిపోతుంది. మొదటి యుద్ధపు విజయపతకంలో మరొక విశేషం: మా ముత్తాతగారి దాని వెనుక ఇంగ్లీషు ఒక్కటే, దక్షిణాఫ్రికావారి దాని వెనుక ఇంగ్లీషూ డచ్చీ రెండూ ఉంటవి. అటువంటివి సుమారు 75,000 మాత్రమే వెలువడినవి.

ఇక ధర ఎలా కడతారో వింటే మనస్సు చివుక్కుమంటుంది. 1916 జూలైలో ఫ్రాన్సుదేశంలో దెల్విల్ అడవిలోకి దక్షిణాఫ్రికా బ్రిగేడు 3,153 మందితో అడుగుపెట్టింది. ఆరురోజుల తరువాత హాజరు పిలిస్తే పలికినవారు సుమారు 750. ఆ అడవిలో పోరాడినవాడి పతకానికి ధర ఎక్కువ. ఆ అడవిలోనే మరణించినవాడి దానికి మరీ ఎక్కువ. బ్రతికి ఇల్లు చేరి, బిడ్డల్ని కని, ముసలివాడై పోయినవాడి పతకం చవక. బజారు న్యాయం అది.

అంచున అసలు పేరును ఆకురాయితో అరగదీసి, వీరుడి పేరు చెక్కి అమ్మే మాయగాళ్లూ ఉన్నారు. అరగదీసిన పతకం వ్యాసం వెంట్రుకవాసి తగ్గుతుంది. అందుకే పాత సేకర్త జేబులో ఎప్పుడూ కొలత పరికరం ఉంటుంది. బోయర్ యుద్ధానికి ఇచ్చిన విక్టోరియారాణి పతకం తీరు ఇంకా వినోదం. యుద్ధం త్వరలో ముగుస్తుందన్న ధీమాతో దానిమీద 1899-1900 అని ఉబ్బెత్తుగా పోశారు. యుద్ధం 1902 దాకా సాగింది! ఆ అంకెలు గీకివేయక తప్పలేదు. గీకకముందు వెలువడినవి చాలా కొద్ది. ప్రభుత్వం లెక్కతప్పిన పతకం కనుక సేకర్తకు ముద్దు.

అంచున పేరెక్కనివారి సంగతి ఏమిటి? ఈ ప్రశ్న వేసుకొంటే మనవారు కళ్లకు కడతారు. 1860నుండి 1911 వరకు నేటాలుకు ఒప్పందకూలీలుగా వెళ్లిన 1,52,184 మందిలో అధికభాగం మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారు. వారిలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా మండలాల తెలుగువారు ఉన్నారు. 1899 డిసెంబరులో బోయర్ యుద్ధంలో క్షతగాత్రులను మోయడానికి గాంధీగారు కూర్చిన దళంలో 1,100 మంది. వారిలో స్వేచ్ఛ కలవారు మూడువందలు, మిగిలిన ఎనిమిదివందలమంది ఒప్పందకూలీలు. స్పియన్ కాప్ వద్ద గుండ్లు పడేచోటికి కూడా వెళ్లి, కొన్నిరోజులు ఇరవై ఇరవైఅయిదు మైళ్లు డోలీలు మోశారు. యుద్ధపతకం దళ నాయకులకు, అనగా నలభైమంది లోపువారికి ఇచ్చారు. మోసిన భుజాలకు ఇవ్వలేదు. 1906 జూలూ తిరుగుబాటులో గాంధీగారి వెంట వెళ్లిన ఇరవైనలుగురిలో నలుగురు గుజరాతీలూ ఒక పఠానూ పోగా తక్కినవారంతా దక్షిణదేశంనుండి కూలీలుగా వెళ్లినవారే.

మొదటి యుద్ధంలో నల్లవారి గతి ఇంకా హీనం. 1917 ఫిబ్రవరి 21న ఇంగ్లీషు కాలువలో మెండి అనే ఓడ మునిగి, దక్షిణాఫ్రికా నల్లజాతి శ్రామికదళంవారు ఆరువందలకు పైగా నీటిపాలయ్యారు. ఆ దళంవారికి కంచు పతకం ఇవ్వవచ్చునని లండను అన్నా వారి సొంత ప్రభుత్వం ఇవ్వనన్నది. పక్కనున్న బసూటోలాండు మొదలైన రక్షిత ప్రాంతాలవారికి దక్కినవి, యూనియన్‌వారికి దక్కలేదు. కనుక వేలంపాటలో వారి పేరు ఏనాడూ వినబడదు. స్వతంత్ర దక్షిణాఫ్రికా 2003లో ధైర్యసాహసాలకు ఇచ్చే పురస్కారానికి మెండి పేరు పెట్టింది.

గాంధీగారి పతకాల కథ మీరు వినే ఉంటారు. బోయర్ యుద్ధపు పతకం, జూలూ పతకం, కైజర్-ఇ-హింద్ బంగారు పతకం, మూడింటినీ 1920 ఆగస్టు 1న వైస్రాయికి తిప్పి పంపించారు. పంపుతున్నందుకు బాధ లేకపోలేదని కూడా రాశారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. పతకం ఇచ్చినవాడు ఎవరైనా, మోసిన డోలీ తనదే కదా.

ఇప్పుడు మన ఇళ్లకు వస్తాను. వశిష్ఠ ఆవలిగట్టున, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరున్నది. రెండు ప్రపంచయుద్ధాలకు కలిసి వేయిమందికి పైగా సైనికులను పంపిన ఊరు. పోయినవారికి అక్కడ స్మారకస్తంభం కట్టుకొన్నారు. అమలాపురం, రాజోలు ప్రాంతాలలో అంతటి ప్రసిద్ధి లేదుగాని, బర్మాకో ఈజిప్టుకో వెళ్లివచ్చిన తాత లేని ఊరు అరుదు. ఆయన ట్రంకుపెట్టె అటకమీద ఉంటుంది. దింపి చూడండి. దసరాకు ఇత్తడి తోమినట్లు చింతపండు వేసి మాత్రం తోమకండి. తోమిన ప్రతిసారీ అంచుమీది పేరు కొంత అరుగుతుంది. రిబ్బను మాసినా తీసివేయకండి. మూడు పతకాలుంటే అన్నదమ్ముల పంపకంలో తలా ఒకటి తీసుకోకండి. విడిపోయిన పతకాలను మళ్లీ ఒకచోట చేర్చడానికి విదేశాల్లో సేకర్తలు ఇరవై ఏళ్లు తిరిగినవారున్నారు. పెన్షను కాగితమో డిశ్చార్జి కాగితమో ఉంటే దానితోనే ఉంచండి. అమ్మదలచుకొంటే తూకానికి అమ్మకండి. మరొక మాట: నూరేళ్లు నిండిన చారిత్రక వస్తువు 1972నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది, మొదటి యుద్ధపు పతకాలకు నూరేళ్లు నిండినవి. వాటిని తోచినట్లు పరదేశానికి పంపరాదు.

సేకర్తలను దొంగలవలె చూసేవారున్నారు. నేను అలా చూడను. మా ముత్తాతగారి దళం ఎక్కడ దిగింది, ఎక్కడ బాట వేసింది అన్నది నాకు చెప్పినవాడు మా వంశంలో ఎవడూ కాదు. డర్బనులో ఒక ముసలి సేకర్త. నేను పంపిన అంచు ఫొటో చూసి మూడు పుటల జాబు రాశాడు. కొంటానని ఒక్క మాట అనలేదు. చివర ఒక్క ప్రశ్న అడిగాడు: ఈ కంచుదానితోపాటు తప్పక ఒక వెండిది ఉండాలే, అది ఎక్కడ ఉన్నది అని.

జాబు వచ్చి రెండు నెలలయింది. మొలతాడు అంటే ఏమిటో ఆయనకు ఇంగ్లీషులో ఎలా విప్పిచెప్పాలా అని ఇంకా ఆలోచిస్తూ ఉన్నాను.