కోడి మాంసం మెత్తగా, క్షేమంగా కాల్చుకోవడం ఎలా?

(రోగుల బంధువుల కోసం ఇచ్చిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



డిశ్చార్జి రోజున చాలామంది అడిగే ప్రశ్న, "మాంసం పెట్టవచ్చునా?" అని. డాక్టరుగారు సరేనంటే కోడి మాంసం మంచి ఆహారమే. గాయం మానడానికి, కండ పట్టడానికి మాంసకృత్తులు కావాలి. అయితే జబ్బు నుంచి లేచిన మనిషికి నమిలే ఓపిక ఉండదు. ముక్క పీచులా ఎండిపోతే రెండు ముద్దలకే పళ్లెం పక్కన పెట్టేస్తారు. మెత్తగా ఉండాలని ముందే దించేస్తే సాల్మొనెల్లా వంటి క్రిములు మిగిలిపోయి, విరేచనాలతో మళ్లీ ఆసుపత్రికి రావలసి వస్తుంది. ఈ రెండు కష్టాలూ లేకుండా కాల్చుకోవచ్చు.

చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో కోడి కొనేటప్పుడు మనలో చాలామంది "స్కిన్‌లెస్" అంటాం. కాని కాల్చేటప్పుడు తేమను కాపాడేది ఆ తోలే. తోలుతోనే కొట్టించుకుని, తినేటప్పుడు తీసేయండి. రోగికి కాలి ముక్కలు మేలు. రొమ్ము ముక్కలు త్వరగా ఎండిపోతాయి.

కొళాయి కింద మాంసం కడగకండి. ఆ తుంపరలతో క్రిములు పక్కనున్న కూరగాయల మీద పడతాయి. క్రిములు నీళ్లకు పోవు, వేడికే చస్తాయి. పచ్చి మాంసం ముట్టిన చేతులు, కత్తి, పీట సబ్బుతో కడగండి.

కిలో ముక్కలకు ఒకటిన్నర చెంచాల ఉప్పు, అర కప్పు పెరుగు, అల్లం వెల్లుల్లి, పసుపు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఉప్పు కండలో తేమను నిలుపుతుంది. బి.పి., కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఉప్పు ఎంత, మాంసం ఎంత అన్నది ముందుగా డాక్టరుగారిని అడగండి.

రోగి అశోక్‌నగర్‌లో అద్దెగదిలో ఉండి చదువుకునే కుర్రవాడైనా ఫరవాలేదు, ఓవెన్ అక్కరలేదు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో కొంచెం నూనె వేసి, ముక్కలను రెండు వైపులా ఎర్రగా వేయించండి. తరువాత నీళ్లు పోయకుండా, గట్టిగా మూతపెట్టి, సన్నని సెగ మీద అరగంట ఉంచండి. మధ్యలో ఒకసారి తిప్పండి. ఓవెన్ ఉంటే 180 డిగ్రీల వద్ద సుమారు 40 నిమిషాలు.

ఉడికిందో లేదో తెలుసుకోవడానికి వంటింటి థర్మామీటరు నమ్మకమైనది. ఎముకకు తగలకుండా, ముక్క మందమైన చోట గుచ్చితే 74 డిగ్రీలు చూపాలి. అది లేకపోతే ఎముక పక్కన కోసి చూడండి. గులాబీ రంగు కనిపిస్తే మళ్లీ మూతపెట్టండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు చాలామంది భయపడి కోడి మానేశారు. లోపలంతా 70 డిగ్రీలు దాటి ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదు.

దించాక పది నిమిషాలు కదపకండి. వెంటనే కోస్తే రసమంతా పళ్లెంలోకి కారిపోతుంది.

క్యారియర్‌లో ఆసుపత్రికి తెచ్చేవారు ఒక మాట గుర్తుంచుకోండి. వండిన మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, మన ఎండాకాలంలో అయితే ఒక గంటే. మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టి, పొగలు వచ్చేలా వేడిచేసి పెట్టండి. చిన్న ముక్కలుగా చీల్చి, మెత్తని అన్నంలో కలిపి తినిపించండి. మీ రోగి త్వరగా కోలుకోవాలని కోరుకుంటూ సెలవు.