మోగని తీగ ఎన్నాళ్లు నిలుస్తుంది?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో ఒక గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

వాద్యాలను ఎలా కాపాడుకోవాలో చెప్పమని సంఘం వాళ్లు మమ్మల్ని అడిగారు. డప్పు గురించి, పెప్రె గురించి, కాలికోం గురించి మా కంటే తెలిసిన పెద్దలు ముందు వరుసలోనే కూర్చున్నారు. వాళ్లుండగా మేము ఆ మాట ఎత్తడం బాగుండదు. మా హాస్టల్‌లో ఏళ్లుగా మా చేతుల్లో నలుగుతున్నది గిటార్. మీలో చాలామంది గోండి పాటలకు గిటార్ వాయించి ఫోన్లో రికార్డు చేస్తున్నారు, మేము వింటూనే ఉన్నాం. అందుకని ఈ రోజు ఒక్క ప్రశ్నే తీసుకుంటాం. కొని, వాడకుండా దాచిన గిటార్ తీగలు ఎన్నాళ్లు బాగుంటాయి?

ఇదేం పెద్ద ప్రశ్న అని నవ్వకండి. నగరంలో ఉండేవాడికి తీగ తెగితే వీధి చివర దుకాణం ఉంటుంది. మన పిల్లకు తీగ తెగితే బస్సు ఛార్జీలు, ఒక రోజు చదువు, సెట్టు ధర, అన్నీ కలిసి వస్తాయి. అందుకే దొరికినప్పుడే నాలుగైదు సెట్లు కొని ట్రంకు పెట్టెలో వేసుకుంటారు. అలా దాచినవి అవసరానికి పనికొస్తాయా లేదా అన్నది మనకు డబ్బుల ప్రశ్న. ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా. ఆ సంగతి కాసేపట్లో చెబుతాం.

ముందు తీగ అంటే ఏమిటో చూద్దాం. మామూలు గిటార్‌కు ఆరు తీగలు. సన్నవి రెండు వట్టి ఉక్కు తీగలు, పైన తగరం పూత ఉంటుంది. మిగతా నాలుగింటికి లోపల ఉక్కు, దాని చుట్టూ మరో సన్న తీగ చుట్టి ఉంటుంది. ఆ చుట్టు రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి నూటికి 80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింక్. పేరుకు కంచు అంటారు గానీ పదో తరగతి చదివిన వాళ్లెవరైనా అది ఇత్తడి అని చెప్పేస్తారు. రెండోది ఫాస్ఫర్ బ్రాంజ్, అంటే రాగిలో కొద్దిగా తగరం కలిపిన అసలు కంచు. ఎలక్ట్రిక్ గిటార్ తీగలకైతే చుట్టు మీద ఎక్కువగా నికెల్ పూత ఉంటుంది.

అంటే తీగ మీద పనిచేసేది క్యాలెండరు కాదు. గాలి, తేమ, ఉప్పు. మీ సైన్సు పుస్తకంలో లోహక్షయం పాఠం ఉంది చూడండి, అదే ఇక్కడా జరుగుతుంది. రాగి బిందె నల్లబడి చిలుము పట్టినట్టే తీగ మీది చుట్టు నల్లబడుతుంది. కొడవలికి తుప్పు పట్టినట్టే ఉక్కుకు తుప్పు పడుతుంది. వాయించే తీగను వేళ్ల చెమట తినేస్తుంది. వాయించని తీగకు చెమట బాధ లేదు, అదొక్కటే దానికి కలిసొచ్చింది. గాలీ తేమా తగలకుండా ఉంటే దానికి వయసు దాదాపు రాదు.

అందుకే తీగల ప్యాకెట్ల మీద మందుసీసా మీద ఉన్నట్టు ఫలానా తేదీలోపు వాడాలి అని సాధారణంగా ఉండదు. గాలి చొరకుండా సీలు వేసిన ప్యాకెట్ చిరగకుండా ఉంటే, ఎండా చెమ్మా లేని చోట ఏళ్ల తరబడి నిలుస్తుంది. పదేళ్ల తర్వాత సీలు తీసి ఎక్కించినా చక్కగా మోగినవి ఉన్నాయి. డాడారియో వంటి కంపెనీలు తీగలను తుప్పు పట్టనివ్వని సంచిలో సీలు వేసి పంపుతాయి. ఎలిక్సర్ తీగల మీద సన్నని పాలిమర్ పొరే ఉంటుంది, అవి ఇంకా ఎక్కువ తట్టుకుంటాయి. ధర కూడా ఎక్కువే లెండి. కాగితం కవరులో మాత్రమే చుట్టి అమ్మేవాటికి ఈ రక్ష ఏదీ లేదు. కాగితం తేమను ఆపదు సరికదా, పీల్చి పట్టుకుంటుంది. అలాంటి వాటికి మన దగ్గర ఒక్క వానాకాలం చాలు.

ఇప్పుడు ఇందాక చెబుతామన్న సంగతి. రెండేళ్ల కిందట మా పిల్ల ఒకామె పాటల పోటీకి వెళ్లింది. పొద్దున్నే కొత్త తీగలు ఎక్కించుకుని శ్రుతి చేస్తోంది. మొదటి తీగ పుటుక్కున తెగి మొహం మీదికి వచ్చింది. కంటి కింద చర్మం చీరుకుపోయింది. ఇంకొంచెం పైకి తగిలితే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. మామూలు శ్రుతిలో ఆ ఒక్క తీగే పది కిలోల బరువు మోసినంత లాగుడులో ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఆరింటి లాగుడూ కలిపితే డెబ్బై కిలోలు, అంటే ఒక పెద్ద మనిషి వేలాడుతున్నట్టు. అంత సన్న తీగ మీద ఆవగింజలో సగమంత తుప్పు మచ్చ ఉన్నా అక్కడ ఉక్కు సగం తినేసినట్టే.

తెగిన చోట చూశాం. ఎర్ర మచ్చ ఉంది. కాగితం కవరు ప్యాకెట్, ఏ దుకాణమన్నది ఇక్కడ అనవసరం. అడిగితే, కొత్తవే కదమ్మా ఇచ్చాం, అన్నారు. అబద్ధం కాదు. వాళ్ల లెక్కలో కొత్తది అంటే ఎవరూ వాడనిది. అది ఎన్ని వానాకాలాలు ఆ అరలో కూర్చుందో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల పోటీలో గిటార్ లేకుండానే పాడింది. తర్వాత నాలుగు నెలలు దాన్ని ముట్టలేదు. ఎక్కించే ముందు తీగను ఎలా పరీక్షించాలో ఇంకెవరికీ చెప్పకపోతే ఇంకో పిల్లకు దెబ్బ తగులుతుందని, చివరికి తనే వచ్చి గిటార్ అందుకుంది.

ఆ మధ్య ఒక దాత తన ఇంట్లో ఎప్పటి నుంచో పడి ఉన్న తీగలను అట్టపెట్టెలో వేసి మా హాస్టల్‌కు పంపారు. పద్నాలుగు ప్యాకెట్లు. ఒక ఆదివారం వరండాలో తెల్లగుడ్డ పరిచి పిల్లలూ మేమూ అన్నీ విడదీశాం. ప్లాస్టిక్ సీలు చెదరనివి ఎనిమిది. వాటిలో రెండు తీసి చూస్తే నిన్న తయారైనట్టు మెరుస్తున్నాయి, మిగతా ఆరు తీయకుండా దాచాం. కాగితం కవరువి ఆరు. వాటిలో నాలుగింటి లావు తీగలు బాగా నల్లబడ్డాయి, సన్న తీగలు మాత్రం శుభ్రంగానే ఉన్నాయి. మిగతా రెండింటిలో సన్న తీగలకు తుప్పు. ఆ రెండు సెట్లూ పారేశాం. పిల్లలకు మనసొప్పలేదు. ఊరికే వచ్చిన వస్తువు కదా, ఒకసారి ఎక్కించి చూద్దాం మేడం అన్నారు. కంటి కింద మచ్చ ఉన్న పిల్లే వద్దంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఇత్తడి, కంచు చుట్టు నల్లబడితే అది పైపై మాట. నాదం కొంచెం మందంగా వస్తుంది, అంతే. సాధన చేసుకోవడానికి నిక్షేపంలా పనికొస్తుంది. మేము ఆ నాలుగు సెట్లూ అలాగే వాడాం. ఉక్కు మీద ఎర్రగా వస్తే అది లోపలికి తినే జబ్బు. ఆ తీగ ఎక్కించకూడదు. చూసే పద్ధతి తేలికే. తీగను వెలుతురులో పట్టుకుని, తెల్లగుడ్డను రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా లాగండి. గుడ్డకు ఎర్రమరక అంటినా, ఎక్కడైనా ఇసుకలా గరగరలాడినా పక్కన పెట్టేయండి. చివర ఉండే చిన్న ఇత్తడి గుండు దగ్గరి మెలికను తప్పకుండా చూడాలి, తేమ అక్కడే దాక్కుంటుంది. ఎక్కించేటప్పుడు మొహం పక్కకు పెట్టి, మరను మెల్లమెల్లగా తిప్పండి.

ఎక్కడ దాచాలన్నది మన హాస్టళ్లలో ఇంకో చిక్కు. విలువైన వస్తువు కాబట్టి స్టోర్ రూంలో పెట్టి తాళం వేద్దాం అనిపిస్తుంది. స్టోర్‌లో ఏముంటాయి? ఉప్పు బస్తా, బ్లీచింగ్ పౌడర్. బ్లీచింగ్ పౌడర్ నుంచి వచ్చే క్లోరిన్ ఇనుముకు పరమ శత్రువు. ఆ బస్తా పక్కనున్న రేకు డబ్బా మూత ఎలా ఉంటుందో ఈసారి చూడండి. తీగలు అక్కడ వద్దు. వానాకాలంలో తడి బట్టలు ఆరేసే గదిలోనూ వద్దు. మేము గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఆఫీసు బీరువాలో పై అరలో ఉంచుతున్నాం. బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పిల్లలు దాచి తెచ్చిస్తారు, అవి నాలుగు ఆ డబ్బాలో వేస్తాం. కొందరు బియ్యం మూటకట్టి వేస్తారు. అది సిలికా జెల్ అంత పనిచేయదు, పైగా పురుగు పడుతుంది. ప్యాకెట్ మీద కొన్న నెల, సంవత్సరం రాసి పెట్టండి. సీలు తీసిన ప్యాకెట్లో తీగలు మిగిలితే జిప్ కవరులో గాలి పోయేలా నొక్కి మూసి, వాటినే ముందు వాడేయండి.

మా అభిప్రాయం అడిగితే, అయిదేసి సెట్లు కొని దాచవద్దంటాం. ఎక్కువగా తెగేవి సన్న తీగలే. కొన్ని దుకాణాల్లో అవి విడిగా కూడా దొరుకుతాయి. మొదటిది మూడు, రెండోది రెండు, ఒక్క పూర్తి సెట్టు సీలుతో ఉంటే ఒక పిల్లకు ఏడాది గడుస్తుంది. మిగిలిన డబ్బుతో ఇంకేదైనా కొనుక్కోవచ్చు.

నైలాన్ తీగల గిటార్ ఉన్నవాళ్లు చేయి ఎత్తండి. ముగ్గురే. మీకు తుప్పు బాధ సగం లేదు. సన్నవి మూడూ వట్టి నైలాన్, వాటిని ఎండ తగలకుండా దాస్తే చాలు. లావు తీగల మీది వెండిపూత రాగి మాత్రం నల్లబడుతుంది. దుకాణంలో నైలాన్ దొరకలేదని ఆ గిటార్‌కు ఉక్కు తీగలు ఎక్కించకండి. దాదాపు రెట్టింపు లాగుడు పడి గిటారే పాడవుతుంది.

చివరగా కిక్రి గురించి ఒక్క మాట, పెద్దలు అనుమతిస్తే. మన పర్ధాన్, తోటి పెద్దల చేతుల్లోని కిక్రికి మూడు తీగలు, గుర్రపు వెంట్రుకలతో కట్టినవి. వెంట్రుకకు తుప్పు పట్టదు. దానికి శత్రువు పురుగు. వెంట్రుకను, ఉన్నిని తినే చిన్న పురుగులకు చీకటి, కదలిక లేని చోటు ఇష్టం. వయొలిన్ కమానుకున్న వెంట్రుకలు కూడా మూసిన పెట్టెలో ఏళ్ల తరబడి ఉంటే ఇలాగే తెగి రాలిపోతాయి. ఒక పండుగకు తీసి, మళ్లీ మూటకట్టి ఏడాదిపాటు అటక మీద పెట్టే కిక్రికి జరిగేది అదే. గిటార్ తీగను మూసి దాచాలి, కిక్రిని తరచూ తీసి వెలుతురు చూపించాలి, వాయించాలి. ఉక్కు తీగ చెడిపోతే డబ్బుంటే దొరుకుతుంది. కిక్రి తీగ దుకాణంలో దొరకదు. వెంట్రుకలు ఏరి, పేని, కట్టడం తెలిసిన చేయి కావాలి. మీ ఊళ్లో ఆ చేయి ఎవరిదో కనుక్కుని, వాళ్లు కడుతుండగా ఒకసారి పక్కన కూర్చోండి. ఫోన్లో రికార్డు చేయండి. మా పిల్లలు ఇద్దరు మొన్న వేసవి సెలవుల్లో ఆ పని మొదలుపెట్టారు. ఇంకా ఒక్క తీగ కూడా సరిగ్గా కట్టలేకపోయారట. దీపావళి సెలవులకు మళ్లీ వెళ్తామంటున్నారు.

మీ సంచుల్లో పాత తీగల ప్యాకెట్లుంటే భోజనాల తర్వాత ఆ వేపచెట్టు కిందికి తీసుకురండి. మా పిల్లలు అక్కడే కూర్చుని చూసి చెబుతారు. తెల్లగుడ్డ మేమే తెచ్చాం.