జైలులో జబ్బును ఎవరు తేల్చాలి?



నేను స్త్రీల వైద్యురాలిని. కొన్నేళ్లపాటు ఒక జైలులోని మహిళా బ్యారక్‌కు వారానికొకసారి వెళ్లి రోగుల్ని చూసేదాన్ని. తర్వాత జైలు ఆసుపత్రులు ఎలా నడవాలో అడిగినవాళ్లకు సలహాలు చెబుతూ వచ్చాను. జైళ్లలో మందులుండవని, డాక్టర్లు చాలరని మీకందరికీ తెలుసు. నేను మాట్లాడదలచుకున్నది అంతకంటే ముందున్న మెట్టు గురించి. లోపలున్న స్త్రీకి జబ్బు చేసిందని తేల్చేదెవరు?

మనకు కడుపునొప్పి వస్తే ఆసుపత్రికి పోతాం. అక్కడ ఆ నొప్పి ముందు వార్డరుకు నిజమనిపించాలి. 1894 నాటి జైళ్ల చట్టంలో 37వ సెక్షన్ చూడండి. ఖైదీ డాక్టరును చూడాలంటే కాపలా ఉద్యోగి జైలరుకు చెప్పాలి, జైలరు డాక్టరు దృష్టికి తేవాలి. ఆలస్యం చేయకుండా అని రాశారు లెండి. 13వ సెక్షనయితే జైలు పారిశుద్ధ్యాన్ని డాక్టరుకు అప్పగిస్తూనే, అది కూడా సూపరింటెండెంటు అదుపులోనే అంటుంది.

ఒక విచారణ ఖైదీ ఆగని రక్తస్రావంతో నా దగ్గరికొచ్చింది. ఎన్నాళ్లనుంచని అడిగితే, "ఇరవై రోజులైందమ్మా, చెబితే నాటకాలాడుతున్నావన్నారు" అంది. వాడుకునే గుడ్డలు కూడా తోటి ఖైదీలిచ్చినవే. వెంటనే పెద్దాసుపత్రికి పంపమని చీటీ రాశాను. మరుసటి వారం వెళితే ఆమె ఇంకా అక్కడే ఉంది. ఎస్కార్టు పోలీసులు బందోబస్తుకు పోయారట. నా చీటీ మాత్రం ఫైలులో భద్రంగా ఉంది! చివరికి పంపేసరికి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఆ అధికారి దుర్మార్గుడేమీ కాదు. ఖైదీ పారిపోతే ఆయన ఉద్యోగానికి ముప్పు. ఖైదీ ఒంట్లో రక్తం పోతే ఆయన్ని అడిగేవారు లేరు.

ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006లో సుప్రీంకోర్టు, ఖైదీల ప్రసవాలు వీలైనంతవరకు జైలు బయటే జరగాలని, పుట్టిన బిడ్డ సర్టిఫికెట్లో జైలు పేరు ఉండకూడదని చెప్పింది. మంచి తీర్పే. కాని నొప్పులు పడుతున్న మనిషిని తీసుకుపోవలసిందీ ఆ ఎస్కార్టే. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 27వది, వైద్య నిర్ణయాన్ని వైద్యులు కాని జైలు సిబ్బంది తోసిపుచ్చరాదు, పట్టించుకోకుండా ఉండరాదు అంటుంది. నార్వే 1988లోను, ఫ్రాన్సు 1994లోను జైలు వైద్యాన్ని ఆరోగ్యశాఖకు అప్పగించాయి. అక్కడా ఇబ్బందులు లేకపోలేదు. అయినా డాక్టరు పై అధికారి జైలరు కాడు. ఇక్కడా అదే కావాలంటాను.

అది జరిగేలోగా ఒక పని చేయవచ్చు. జైళ్లకు వెళ్లే మన సభ్యులు, లాయర్లు రెండే తేదీలు అడగండి. ఆసుపత్రికి పంపమని డాక్టరు రాసిందెప్పుడు, ఖైదీ గేటు దాటిందెప్పుడు? ఈ రెండూ పక్కపక్కన రాసే రిజిస్టరు పెట్టించి, జిల్లా జడ్జి తనిఖీకి వచ్చినప్పుడు ఆయన ముందుంచమని కోరదాం.