ఆత్మరక్షణాభ్యాసము
(మన సంఘము మహిళా సమావేశమునందు ఒక సభ్యురాలు చేసిన ప్రసంగము)



ఇరువదియేండ్లకు పైగా ఈ నగరమున ఉద్యోగము చేయుచున్నాను. శీతకాలమున ఆఫీసు వదలి, బస్సు దిగి, ఆర్. కె. పురములోని క్వార్టర్లకు నడచునప్పటికి చీకటి పడును. ఒకనాటి సాయంకాలము పొగమంచులో ఎవడో నా వెనుకనే వచ్చెను. నేను వేగము పెంచగా వాడును పెంచెను. నేను ఆగగా వాడును ఆగెను. కేక వేయవలెననుకొంటిని, గొంతు పెగలలేదు. ఎదురుగా ఒక కుటుంబము రాగా వాడు తప్పుకొనెను. నన్నెవ్వరును తాకలేదు. అయినను ఆ పెగలని గొంతే నన్ను చాలకాలము బాధించినది.

ఢిల్లీ పోలీసులు 2002 నుండి స్త్రీలకు ఉచితముగా ఆత్మరక్షణ శిక్షణ నిచ్చుచున్నారు. 2012 డిసెంబరు 16 నాటి ఘోరము తరువాత దానికి ఆదరణ మిక్కిలి పెరిగినది. మా అమ్మాయి చేరుదునన్నప్పుడు "ఆడపిల్లకు కుస్తీలేల?" అన్నదానను నేనే. ఆ పొగమంచు సాయంకాలము తరువాత దానితోపాటు నేనును చేరితిని.

మాకు మొదట నేర్పినది దెబ్బ కాదు, కేక. ఇంటిలో పిల్లలపై అరచుటకు వెనుదీయని మేము అక్కడ నోరు తెరువలేకపోతిమి! పిదప మణికట్టు విడిపించుకొను పద్ధతి. పట్టుకొన్నవాని పిడికిలిలో బొటనవ్రేలివైపు బలము తక్కువ. చేతిని ఆ వైపునకు త్రిప్పి ఒక్కపెట్టున లాగినచో పట్టు సడలును. వెంటనే పరుగెత్తవలెను. గెలుచుట కాదు, తప్పించుకొనుటయే లక్ష్యము. కొలది దినముల శిక్షణతో ఎవ్వరును వీరనారులు కారు. అభ్యాసము మానినచో చేయి నేర్చినది చేయియే మరచును.

చట్టమును మనకు అండగానున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తించినవి. అవసరమునకు మించిన హాని మాత్రము కూడదు.

కోడి రామమూర్తినాయుడుగారి పేరు వినగనే మన ఛాతి పొంగును. విజయనగరమున ఆయన స్థాపించిన వ్యాయామశాలను గూర్చి పిల్లలకు చెప్పుదుము. అట్టి గోదాలోనికి మన ఆడపిల్లలను పంపవలెనని ఎందరికి తోచినది?

ఒక్క మాట. నేర్చుకొననందుననే అపాయము కలిగినదని ఏ స్త్రీనైనను నిందించుట అన్యాయము. తప్పు వెంటబడినవానిదే. మగపిల్లల పెంపకమును గూర్చి వేరొకనాడు మాటలాడుదము.

మన సంఘపు హాలు శనివారము సాయంత్రములలో ఖాళీగానే యుండును. కార్యవర్గమువారు ఆ రెండు గంటలు మాకు ఇప్పింపవలెనని కోరుచున్నాను. చాపలు నేనును మా అమ్మాయియు తెచ్చెదము.